పక్క నంబరు టికెట్

శుక్రవారం ఉదయం 9.35కి నిషాత్ పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కేసరికి షాహిద్‌ను లోపల కూర్చోబెట్టి పదమూడు గంటలయింది.

నిషాత్ పోలీసు కాదు. పదకొండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలకు క్లెయిముల విచారణ చేసింది. ఇప్పుడు సొంతంగా విచారణలు చేస్తోంది. షాహిద్ భార్య షాజియా తెల్లవారి ఆరింటికి ఫోన్ చేసి చెప్పింది ఒక్కటే. తన భర్తకు బోధన్‌లో మందుల దుకాణం ఉంది, కనిపించకుండా పోయిన పిల్ల ఎక్కడుందో ఆయనకు తెలియదు, కానీ ఆయన ఏదో దాస్తున్నాడు.

ఎస్సై మధుకర్ కుర్చీ చూపించలేదు.

"మేడం, మీరు యాక్సిడెంట్ క్లెయిములు సూసుకోండ్రి. ఇది ఆడపిల్ల కేసు."

"అందుకే వచ్చిన సార్."

మధుకర్ ఫైలు తెరిచాడు. హర్షిణి, పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. గురువారం ఉదయం 7.40కి ఊళ్లో బస్సెక్కింది. కాలేజీకి వెళ్లలేదు. 8.52కి ఫోన్ ఆగిపోయింది. సాయంత్రం ఆరింటికి తండ్రి రాందాస్ ఫిర్యాదు ఇచ్చాడు. పిల్ల ఫోన్‌కు షాహిద్ నంబరు నుంచి రెండున్నర నెలల్లో పద్నాలుగు కాల్స్ వచ్చాయి. అదే రెండున్నర నెలల్లో ఐదు మంగళవారాలు ఆమె కాలేజీకి రాలేదు. షాహిద్ మంగళవారాలు దుకాణం పదకొండుకు గానీ తెరవడు.

"స్టాక్ తెచ్చుకోను నిజామాబాద్ పోత అంటడు. పిల్ల యాడికి పోయిందో సూడుండ్రి."

కెమిస్ట్రీ పుస్తకంలో దొరికాయని ఐదు బస్సు టికెట్లు బల్ల మీద పరిచాడు. ఐదూ జీరో టికెట్లు, ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చేవి. ఐదూ బోధన్ నుంచి నిజామాబాద్‌కు. ఐదింటి మీదా ఉదయం 8.20కి, 8.35కి మధ్య సమయం. నిషాత్ ఒక్కో టికెట్ చివరి మూడంకెలు నోటుబుక్కులో రాసుకుంది. 212, 087, 340, 155, 561.

"ఏం లెక్క గది?"

"అలవాటు సార్. క్లెయిముల నంబర్లు రాసుకోకుంటే జీతం రాకపోయేది."

షాహిద్‌తో మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చాడు. షాహిద్‌కు ముప్పై రెండేళ్లు. రాత్రంతా బల్ల మీద కూర్చున్నాడు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

"ఆ పిల్లకు ఏమని ఫోన్ చేస్తుంటివి?"

"సామాన్ అచ్చింది, తీస్కపో అని."

"ఏం సామాన్?"

అతను చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"షాహిద్ భాయ్, నీ భార్య పొద్దుగాల నుంచి ఏడుస్తున్నది."

"ఆపా," అన్నాడు, అక్కను పిలిచినట్టు. "ఎవలు ఏ మందు మింగుతున్నరో బయట చెప్తే నా దుకాణం మూసుకోవాలె."

"నిన్నే మూసేసిండ్రు గద ఇప్పటికే."

అతను నవ్వబోయి ఆగాడు. "మాట ఇచ్చిన."

"పిల్లకా?"

"కాదు. ఆమె పెద్ద మనిషి. నా నోట్లకెళ్లి రాదు ఆపా. ఆమెనే అడుగు."

నిషాత్ బయటికొచ్చి కాల్ లిస్టు మళ్లీ చూసింది. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా నలభై సెకన్లు దాటలేదు.

"ప్రేమించుకునేటోళ్లు నలభై సెకన్లల్ల ఫోన్ పెట్టేస్తరా సార్?"

"హుషారున్నోళ్లు పెట్టేస్తరు." మధుకర్ కిటికీ వైపు చూశాడు. గేటు దగ్గర ఇరవై మంది దాకా నిలబడి ఉన్నారు. "మేడం, వాని పేరు బయట పడ్డది. గంట గంటకు జనం పెరుగుతున్నరు. పదకొండు దాకా సూస్త. అప్పటికి దొరకకుంటే పిల్ల ఫోటో వాట్సాప్ గ్రూపులల్ల పెడత."

"మైనర్ ఫోటో పెట్టొద్దు సార్. రూలు మీకు ఎరుకే."

"పెడితేనే దొరుకుతది. నాకూ ఒక బిడ్డ ఉన్నది. నాకు నేర్పకుండ్రి."

రాందాస్ ఊరు బోధన్‌కు ఆరు కిలోమీటర్లు. నిషాత్ స్కూటీ మీద 10.25కి చేరింది. రాందాస్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల కాంటా చూసేవాడు. ఫ్యాక్టరీ బంద్ అయ్యాక రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తున్నాడు.

"అన్నా, పిల్లను ఎన్నడన్న కొట్టినవా?"

"లేదు. మాట్లాడుడే తక్కువ."

"తల్లి?"

"మూడేండ్లాయె. డెంగ్యూ అచ్చి పోయింది."

"అప్పటిసంది పిల్ల ఎట్లుంది?"

"ఎప్పుడడిగినా మంచిగున్న అంటది."

"ఎప్పుడెప్పుడు అడుగుతవ్?"

రాందాస్ చేతిలోని తువ్వాలను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

పిల్ల పడుకునే చోటు ఒక మంచం, గోడకు ఒక అర. నిషాత్ ముందు లేనివి చూసింది. కాలేజీ బ్యాగు లేదు. ఆధార్ కార్డు లేదు. తర్వాత ఉన్నవి చూసింది. ఉతికిన బట్టలు మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్నాయి. చెవి కమ్మలు డబ్బాలో ఉన్నాయి. ఫోన్ చార్జర్ గోడకు వేలాడుతోంది. మనిషితో వెళ్లిపోవాలనుకున్న పిల్ల చార్జర్ వదిలిపెట్టదు. గురువారం సాయంత్రానికి తిరిగి రావాలనుకున్న పిల్ల వదిలిపెడుతుంది.

అరలో ఒక నోటుబుక్కు ఉంది. మధ్యలో ఒక పేజీ చించి ఉంది. తర్వాతి పేజీ తెల్లగా ఉంది. నిషాత్ దాన్ని చేతిలో ఉంచుకుంది.

వసారాలో రాందాస్ తల్లి అంజవ్వ బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ. మనవరాలు ఇంటికి రాని రెండో రోజు. ఆమె చేతులు ఆగలేదు. నిషాత్ వచ్చి ఎదురుగా కూర్చున్నా ఆగలేదు.

"అవ్వా, ఎన్ని చేస్తవు రోజుకు?"

"ఆరు వందలు. కండ్లు బాగున్నప్పుడు వెయ్యి."

"ఇయ్యాల గూడ చెయ్యాల్నా?"

"చేతులు ఊకుంటే పానం ఊకుంటలేదు బిడ్డా."

ఆకు తీసుకోవడానికి అంజవ్వ చాట వంచింది. దారం ఉండ పక్కకు దొర్లింది. దాని కింద రబ్బరు బ్యాండు వేసిన కాగితాల చుట్ట కనిపించింది. నిషాత్ చెయ్యి చాపింది. అంజవ్వ ఒక క్షణం చూసి, చేతికిచ్చింది.

బస్సు టికెట్లు. నిషాత్ నోటుబుక్కు తెరిచి పక్కన పెట్టుకుంది. 213. 088. 341. 156. 562.

ఐదు మంగళవారాలు, ఐదు బస్సులు. ప్రతిసారీ హర్షిణి టికెట్ తర్వాత యంత్రం నుంచి వచ్చిన టికెట్ ఇదే. అదీ జీరో టికెట్. మొగవాడికి జీరో టికెట్ రాదు.

"ఇవెందుకు దాచినవ్ అవ్వా?"

"ఫ్రీగ ఇచ్చిన కాయిదం. రేపు సర్కారోడు లెక్క అడిగితే ఏం సూపెట్టాలె?"

"ఐదు మంగళారాలు పిల్ల పక్కన బస్సుల కూసున్నది నువ్వే."

"నా మోకాళ్లకు పోయిన. తోడు అచ్చింది."

"మందులు సూపెట్టు."

అంజవ్వ కదల్లేదు. రాందాస్ లోపలికి వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చాడు. "మోకాళ్ల గోలీలు గిండ్లనే పెడ్తది," అన్నాడు. డబ్బాలో ఒక ఆసుపత్రి చీటీ, రెండు మందు పట్టీలు ఉన్నాయి. నిజామాబాద్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రి చీటీ అది. పేరు అంజవ్వ. వయసు 67. విభాగం దగ్గర 'మానసిక వ్యాధులు' అని ముద్ర ఉంది. ఆ పట్టీల మీది మందు పేరు నిషాత్‌కు తెలుసు. క్లెయిముల కాగితాల్లో చాలాసార్లు చదివింది.

"ఇవి మోకాళ్లకు ఇయ్యరు అవ్వా."

మొదటిసారి అంజవ్వ చేతులు ఆగాయి. సగం చుట్టిన బీడీ విచ్చుకుని తంబాకు ఒళ్లో పడింది.

"అది తింటలేకుండె బిడ్డా," అంది. "రాత్రి గోడ దిక్కు తిరిగి కండ్లు తెరుసుకొనే ఉంటుండె. నేను సూస్తున్ననని ఎరుకైతే కండ్లు మూసుకునేది. చేతి మీద గీతలు సూసిన ఒకనాడు. పిల్లి గీరింది అన్నది. మా ఇంట్ల పిల్లి లేదు."

రాందాస్ తలుపు పట్టుకున్నాడు.

"మొదలు నిజామాబాద్‌ల ఒక డాక్టర్ దగ్గరికి పోయినం. ఫీజు ఆరు వందలు. గంత కట్టినంక ఏమన్నడు? పిల్లలకు వేరే డాక్టర్ ఉంటడు, హైదరాబాద్ పోండ్రి, వారం వారం పోవాలె అన్నడు. వెయ్యి బీడీలు చేస్తే ఆ ఫీజుల సగం రాదు. వారం వారం హైదరాబాద్ ఎట్ల పోవాలె?"

"అప్పుడు ఈ ట్రస్టు ఆసుపత్రి తెలిసిందా?"

"బస్సుల ఒకామె చెప్పింది. అరవై దాటినోళ్లకు చీటీ ఫ్రీ, మందులు ఫ్రీ అని. నా పేరు మీద తీసిన. పైసలు మిగిలినయి. దాని పేరు గూడ మిగిలింది."

"పేరు మిగులుడేంది?"

"దాని పేరు ఆ కాయిదం మీదికెక్కితే రేపు కాలేజోళ్లు సూస్తరు, ఊరోళ్లు సూస్తరు. పిచ్చి అంటరు. నన్ను అంటే అననీ. నాకేమున్నది ఇంక."

"డాక్టరమ్మ ముందట ఏం చెప్పినవ్?"

"అదేం చెప్పిందో అదే చెప్పిన. నిద్ర పడ్తలేదు, అన్నం సయిస్తలేదు, సచ్చిన మనిషి కలల అస్తది అని. ఎవరు అవ్వా అన్నది డాక్టరమ్మ. అమ్మ అని చెప్పబోయి కోడలు అని చెప్పిన."

"అప్పుడు హర్షిణి యాడ ఉండె?"

"బయట బల్ల మీద. నా చెప్పులు పట్టుకొని కూసుంటుండె."

నిషాత్ చీటీ మీది తేదీలు మళ్లీ చూసింది. ఐదుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లిన పిల్లను డాక్టర్ ఒక్కసారి కూడా చూడలేదు. ఆసుపత్రి పది రోజులకు మందులిస్తుంది. వాళ్లు వెళ్లేది రెండు వారాలకోసారి, మిగిలే నాలుగు రోజులకు అంజవ్వ షాహిద్ దుకాణంలో ఒకటీ రెండూ చొప్పున కొనేది. ఆమెకు ఫోన్ లేదు. అందుకే ఆ పద్నాలుగు కాల్స్ పిల్ల ఫోన్‌కు వచ్చాయి.

"మొన్న మంగళారం ఏమయింది?"

"డాక్టరమ్మ అడిగింది, నిద్ర పడుతున్నదా అని. లేదు అన్న. అయితే ఒకటి గాదు, రెండు వేసుకో అన్నది. బస్సుల అచ్చేటప్పుడు పిల్ల అన్నది, అవ్వా, ఒక్కసారి నన్ను లోపలికి పోనియ్యి అని. వద్దు, నీ పేరు ఎక్కొద్దు అన్న." అంజవ్వ ఒళ్లో తంబాకును వేళ్లతో దగ్గరికి తీసింది. "అంతే. మల్ల మాట్లాడలే."

"పోలీసోళ్లు అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే వీనికి తెలుస్తది."

రాందాస్ అన్నాడు, "నాకు తెలిస్తే ఏమైతుండె అవ్వా?"

"నీకు చెప్పితే నువ్వు గూడ అట్లనే గోడ దిక్కు తిరుగుతవని చెప్పలే. కోడలు పోయినప్పుడు నిన్ను సూసిన గద."

11.10కి జీపు వాకిట్లో ఆగింది. మధుకర్ దిగి వచ్చాడు. నిషాత్ రెండు వరసల నంబర్లు, చీటీ, మందులు అతని ముందు పెట్టింది. అతను నంబర్లను వేలితో ఒక్కోటీ చూసుకుంటూ పోయాడు. 561 దగ్గర వేలు ఆగింది.

"అయితే వాడు…"

"మందుల దుకాణపోడు. మాట ఇచ్చిండు, నిలబెట్టుకున్నడు. మీరు ఆయనను పంపియ్యాలె సార్."

మధుకర్ టోపీ తీశాడు. "ఫోటో పెట్టేసిన."

"పదకొండు దాకా ఆగుత అంటిరి."

"పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. 10.50కి పెట్టిన. పిల్లది, వానిది, రెండు."

"ఏమని రాసిండ్రు?"

మధుకర్ ఫోన్ తీసి చూపించాడు. షాపోడు పిల్లను మాయం చేశాడని రాసి ఉంది, నిషాత్ చదివి తిరిగిచ్చింది.

"తీసెయ్యండ్రి."

"నా గ్రూపులకెళ్లి తీస్త. పోయినకాడికి పోయింది."

నిషాత్ తెల్ల పేజీ ఉన్న నోటుబుక్కు తెరిచింది. చాట అడుగున ఆకు ముక్కలు తీసేస్తే తంబాకు ధూళి మిగిలింది. చిటికెడు తీసి పేజీ మీద చల్లి, వేలితో మెల్లగా రుద్ది, ఊదింది. చించిన పేజీ మీద పెన్ను ఒత్తి రాసిన అక్షరాల గాట్లలో ధూళి నిలిచింది. వెలుతురుకు పట్టి పైకి చదివింది.

"డాక్టర్ గారికి. నా పేరు హర్షిణి. వయసు 16. ఇన్ని రోజులు మా అవ్వ మీకు చెప్పినవి నావి. అవ్వకు ఏ రోగం లేదు. అవ్వకు తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి. అవి నేనే చెప్పాలి."

అంజవ్వకు చదువు రాదు. ఆ పేజీ చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

చీటీ మీది నంబరుకు నిషాత్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. 11.31. కౌంటర్ గుమస్తా ఎత్తాడు.

"హర్షిణియా? నిన్న వచ్చింది మేడం. డాక్టర్ మంగళారం, శుక్రారమే ఉంటరు, రేపు పెద్దోళ్లను తీస్కొని రా అన్న. పోలేదు. రాత్రి పేషంట్ల తోటి వచ్చినోళ్లు పండే హాల్ల పండింది. బాల్కొండ నుంచి హసీనా అని ఒకామె తన కొడుకును తీస్కొని అస్తది. ఇయ్యాల పొద్దుగాల ఆమె నిలబడ్డది, ఈ పిల్ల పెద్దమనిషిని నేనే అని. టోకెన్ 31 ఇచ్చిన."

"ఇప్పుడు లోపలున్నదా?"

"అదే మేడం. పదకొండుంబావుకు లైన్ల ఎవరిదో ఫోన్ల ఫోటో అచ్చింది. ఒకలు సూసి ఒకలకు సూపెట్టిండ్రు. అందరు దాని దిక్కే సూస్తుండ్రి. లేచి పోయింది. హసీనా కొడుకును నర్సుకు అప్పజెప్పి దాని ఎంబడి ఉరికింది. 31 పిలిచినప్పుడు ఎవలు రాలే."

గుమస్తా ఫోన్ డాక్టర్‌కు ఇచ్చాడు. నిషాత్ జరిగినది నాలుగు మాటల్లో చెప్పింది.

"ఆ మందు పదహారేళ్ల అమ్మాయి వేసుకుంటోందా?" అంది డాక్టర్. "మంగళవారం నేను మోతాదు పెంచాను. వయసు అరవై ఏడని పెంచాను. ఆ వయసు పిల్లలకు మోతాదు మారిన మొదటి రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలి, ఒంటరిగా వదలకూడదు. ఇప్పుడు ఆమె పక్కన ఎవరున్నారు?"

"తెలియదు మేడం."

"ఒంటిగంటకు ఓపీ అయిపోతుంది. నేను వెళ్లను. ఎన్నింటికైనా తీసుకురండి."

మధుకర్ నిజామాబాద్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. హసీనా నంబరు కోసం నిషాత్ గుమస్తాకు మళ్లీ ఫోన్ చేసింది. రిజిస్టరు వెతుకుతున్నానన్నాడు. 11.52కి రాందాస్ జేబులో ఫోన్ మోగింది. తెలియని నంబరు. నిషాత్ సైగ చేసింది. అతను స్పీకర్ పెట్టాడు.

"బాపు." హర్షిణి గొంతు. వెనక బస్సుల హారన్లు.

రాందాస్ అడిగింది ఇంట్లో ఎప్పుడూ అడిగేదే. "ఎట్లున్నవ్ బిడ్డా?"

"నేను మంచిగ లేను బాపు."

అతను ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "మంచిది బిడ్డా, చెప్పినవ్. యాడున్నవో ఆడనే ఉండు. నేను అస్తున్న. నీ పేరు మీదనే చీటీ రాపిద్దాం. నేనే రాపిస్త."

"బస్టాండ్‌ల ఉన్న. హసీనక్క ఫోన్ ఇది. అక్క నా పక్కన్నే…"

వెనక ఒక మొగ గొంతు దగ్గరికొచ్చింది. "ఏయ్, గీ పిల్లే. గ్రూపుల అచ్చింది గీ పిల్లే." ఇంకో గొంతు ఏదో అంది. చెయ్యి వెయ్యొద్దని హసీనా అరుస్తోంది. "హాథ్ మత్ లగావ్." ఫోన్ తెగింది.

తిరిగి చేస్తే మోగి మోగి ఆగింది.

మధుకర్ అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు. కంట్రోల్ రూమ్‌ను మళ్లీ పట్టుకుని బస్టాండ్ అని రెండుసార్లు చెప్పాడు. "ఎక్కండ్రి. అవ్వా, నువ్వు గూడ."

"ఎంతసేపు?" అంది నిషాత్.

"నలభై నిమిషాలు. ముప్పైలో పోదాం."

అంజవ్వ చాట దించి లేచింది. చెంగులో ఆధార్ కార్డు, ఆసుపత్రి చీటీ కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని జీపెక్కింది. మధుకర్ తాళం తిప్పాడు. ముందు పెట్టిన అతని ఫోన్ టింగుమంది. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఫోన్ చూసి నిషాత్‌కు ఇచ్చాడు.

గ్రూపులో కొత్త ఫోటో. సమయం 11.54. బస్టాండ్ బల్ల మీద కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న పిల్ల. ఆమె ముఖం కనిపించకుండా అడ్డం నిలబడి, రెండు చేతులు చాపిన బుర్ఖా మనిషి. చుట్టూ ఏడుగురో ఎనిమిది మందో.

కింద ఎవరో రాశారు. "దొరికింది. షాపోని తరపు ఆడమనిషి దాస్తున్నది. మనోళ్లు ఇంకా అస్తున్నరు. పోలీసులు అచ్చేదాక ఆగేది లేదు."

ఆ గ్రూపు పెట్టింది మధుకరే.